నింద మోపినవాడిదే రుజువు భారం

2021 జులై తొలి వారంలో గిట్‌హబ్ వేదికపై ‘సుల్లి డీల్స్’ అనే యాప్ వెలుగు చూసింది. ఎనభై మందికి పైగా ముస్లిం మహిళల ఫొటోలను వారి సామాజిక మాధ్యమ ఖాతాల నుంచి తీసుకుని ‘వేలానికి’ పెట్టింది. బాధితుల్లో జర్నలిస్టులు, విద్యార్థినులు, ఉద్యమకారులు ఉన్నారు. జులై 8న ఢిల్లీ పోలీసులు లైంగిక వేధింపుల సెక్షన్ కింద ఎఫ్‌ఐఆర్ నమోదు చేశారు. కొందరు మహిళలు భయంతో తమ ఖాతాలు మూసేసుకున్నారు. ఆరు నెలలు గడిచినా ఒక్క అరెస్టూ జరగలేదు. 2022 జనవరి 1న ‘బుల్లి బాయి’ పేరుతో అదే అకృత్యం పునరావృతమైంది. దేశవ్యాప్తంగా ఆగ్రహం పెల్లుబికిన తరువాతే రెండు కేసుల్లోనూ అరెస్టులు జరిగాయి.

స్త్రీ శీలంపై బురద జల్లడాన్ని తీవ్ర నేరంగా పరిగణించిన న్యాయ సంప్రదాయం ఢిల్లీకి కొత్త కాదు. పదిహేడో శతాబ్దం ద్వితీయార్ధంలో ఔరంగజేబు ఆదేశంపై షేక్ నిజాం నేతృత్వంలోని పండితులు హనఫీ ధర్మశాస్త్రాన్ని ‘ఫతావా-ఎ-ఆలంగీరీ’గా క్రోడీకరించారు. వ్యభిచారం చేశారంటూ తప్పుడు ఆరోపణ చేయడాన్ని ఈ ధర్మశాస్త్రం ‘ఖజ్ఫ్’ అంటుంది. దాని మూలం ఖురాన్‌లోని నూర్ అధ్యాయం. ప్రవక్త భార్య ఆయిషాపై మదీనాలో పుకారు వ్యాపించిన సందర్భంతో సంప్రదాయం ఆ అధ్యాయాన్ని ముడిపెడుతుంది. నలుగురు సాక్షులను చూపలేని నిందకుడికి ఎనభై కొరడా దెబ్బలు. అంతటితో ముగియదు, అతడి సాక్ష్యం ఇకపై చెల్లదు. పశ్చాత్తాపపడినా ఆ అర్హత తిరిగి రాదన్నది హనఫీ పండితుల మతం. అంటే పరువు కోల్పోవలసింది నిందకు గురైన స్త్రీ కాదు, నింద మోపినవాడు. పుకారును విని నోటి నుంచి నోటికి చేరవేసినవారినీ ఆ అధ్యాయం తీవ్రంగా మందలిస్తుంది.

అయితే ఈ సంప్రదాయాన్ని ఆదర్శీకరించడం పొరపాటు. ఖజ్ఫ్ పరిధి వ్యభిచార ఆరోపణ వరకే. వేలం వంటి అవమానాలను న్యాయాధికారి విచక్షణకు వదిలే ‘తాజీర్’ కిందే శిక్షించగలరు. పాకిస్తాన్‌లో 1979లో ఖజ్ఫ్ ఆర్డినెన్సుతో పాటే వచ్చిన జినా ఆర్డినెన్సు, అత్యాచారంపై ఫిర్యాదు చేసిన స్త్రీలనే నిందితులుగా నిలబెట్టింది. 2006లో గానీ ఆ చట్టాన్ని సవరించలేదు.

భారతదేశంలో 1862 నుంచి అమలైన శిక్షాస్మృతి ఖజ్ఫ్ స్థానంలో పరువునష్టాన్ని తెచ్చింది. గరిష్ఠ శిక్ష రెండేళ్లు. పోలీసులు నేరుగా కేసు పెట్టలేరు; బాధితులే మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కూడా అదే చట్రాన్ని కొనసాగించింది. పాత ధర్మశాస్త్రంలో మిగిలింది కుటుంబ చట్టంలోని ‘లిఆన్’ ఒక్కటే: భర్త అబద్ధపు వ్యభిచార నింద మోపితే భార్య 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద విడాకులు కోరవచ్చు. భర్త నిందిస్తే ఆమెకు ఒక దారి ఉంది. ముఖం లేని ఖాతా నిందిస్తే, ఆ ఖాతా వెనుక ఎవరున్నారో తేలేవరకు ఆమె వేచి చూడాలి.

కొరడాకు తిరిగి వెళ్లాలని ఎవరూ కోరరు. కానీ ఆ పాత చట్టం మొదటి ప్రశ్నను నిందకుడినే అడిగింది: నీ సాక్షులు ఎవరు? ఢిల్లీలో ఆ ఆరు నెలలూ ఆ ప్రశ్న ఎదుర్కోవలసినవారు మాత్రం చీకట్లోనే ఉండిపోయారు.