"స్లేవ్ బీడ్స్" అనే పేరు వెనక అసలు కథ

ఆన్‌లైన్‌లో పాత గాజు పూసల దండలు కొన్ని "స్లేవ్ బీడ్స్", అంటే బానిస పూసలు అనే పేరుతో అమ్ముతుంటారు. పూస నిండా చిన్న చిన్న రంగు పూలు ఉంటాయి. ఈ పూసలిచ్చే ఆఫ్రికాలో మనుషుల్ని కొన్నారని చెప్తారు. నిజమేనా? ఈరోజు అదే చూద్దాం.

ముందు వెనిస్ వెళ్దాం. అగ్నిప్రమాదాల భయంతో 1291లో అక్కడి గాజు కొలుముల్ని మురానో దీవికి మార్పించారు. అక్కడ పూసలు ప్రధానంగా రెండు రకాలుగా చేసేవాళ్ళు. ఒకటి, వేడి గాజుని సన్నని గొట్టంలా సాగదీసి ముక్కలు కోయడం. సాగదీసే విద్య మన తిరుపతి జిల్లా పాపానాయుడుపేట పూసలవాళ్ళకీ తెలిసిందే. రెండోది, లోహపు కడ్డీ మీద కరిగిన గాజుని చుట్టడం. అలా చుట్టిన పూస మీద రంగు గాజు బిళ్ళలు అతికితే మిల్లెఫియోరి. ఇటాలియన్‌లో వెయ్యి పూలు అని అర్థం.

యూరప్ ఓడలు బట్టలు, తుపాకులు, సారాతో పాటు పూసల్నీ పశ్చిమ ఆఫ్రికాకి తీసుకెళ్ళాయి. వాటికి బదులు బంగారం, ఏనుగు దంతాలు, మనుషుల్ని కూడా తెచ్చాయి. అది పచ్చి నిజం.

మరి తేడా ఎక్కడుంది? తేదీల్లో! బ్రిటన్ 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించింది. 1860ల తర్వాత అట్లాంటిక్ మీద బానిస ఓడలు దాదాపు ఆగిపోయాయి. మిల్లెఫియోరి పూసలు ఆఫ్రికాకి ఎక్కువగా వెళ్ళింది 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో. అంటే ఇవాళ ఆ పేరుతో అమ్మే పూల పూసల్లో చాలావాటికి ఆ వ్యాపారంతో సంబంధమే లేదు.

ఇంకో మాట. "అమాయకులకి గాజు ముక్కలిచ్చి మోసం చేశారు" అనడం కూడా సగం కథే. వ్యాపారులు శాంపిల్ కార్డులు పట్టుకుని తిరిగేవాళ్ళు. ఎందుకంటే ఒక్కో చోట ఒక్కో రంగు, ఒక్కో సైజు నచ్చేది. నచ్చని సరుకు తెస్తే అమ్ముడుపోదు. ఘానాలో క్రోబో అమ్మాయిలు దిపో వేడుకలో ఇప్పటికీ వంశపారంపర్యంగా వచ్చిన పూసలు వేసుకుంటారు. వాళ్ళకవి కుటుంబ ఆస్తి.

మీరు కొనాలనుకుంటే పేరు చూసి డబ్బు పెట్టకండి. రంధ్రం అంచులు చూడండి. ఏళ్ళ తరబడి దారానికి, పక్క పూసకి రాసుకున్న పాత పూస చివరలు అరిగి ఉంటాయి. కొత్త నకళ్ళు కూడా చాలా వస్తున్నాయి, జాగ్రత్త. మనుషుల బాధని ధర పెంచే ట్యాగ్‌గా వాడేవాళ్ళని మాత్రం "ఏ కాలం పూస ఇది?" అని తప్పకుండా అడగండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.