ఒక పుస్తకం, పలు చేతులు: రిజిస్ట్రేషన్ కార్యాలయంలో కంప్యూటర్

రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లోకి కంప్యూటర్ వచ్చిన చరిత్రను సాధారణంగా వేగం పెరిగిన కథగానో, చేతివాటం తగ్గిన కథగానో చెబుతుంటారు. నేటి తెలంగాణలోని హుస్నాబాద్ వంటి చిన్న పట్టణపు సబ్ రిజిస్ట్రారు కార్యాలయం వైపు నుంచి చూస్తే మాత్రం, ఒకే రికార్డును ఒకే సమయంలో పలువురు చూడవలసి రావడమే అక్కడి అసలు చిక్కు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తికి సంబంధించి రిజిస్టరయ్యే, వీలునామా కాని ప్రతి దస్తావేజునూ ఒకటవ పుస్తకంలోకి పొల్లుపోకుండా నకలు చేయవలసి ఉండేది. ఆ పుస్తకంలో వెతకడానికి పేర్ల సూచిక ఒకటి, ఆస్తుల సూచిక ఒకటి ఉండేవి. జనం ఈసీ అని పిలిచే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఫలానా ఆస్తిపై ఫలానా కాలంలో నమోదైన అమ్మకాలు, తాకట్లు వంటివాటిని తెలిపే ధ్రువపత్రం, ఇవ్వాలంటే గుమాస్తా ఆ సూచికలను ఏడాదికేడాది తిరగేయవలసి వచ్చేది. సంపుటం ఒకరి బల్లపై తెరిచి ఉంటే రెండోవారు ఆగవలసిందే. మంచి ముహూర్తమున్న రోజున దస్తావేజు లేఖరులు, సాక్షులు, అమ్మేవారు, కొనేవారు ఒక్కసారే వచ్చిపడితే ఆ ఆగడమే కార్యాలయపు వేగాన్ని నిర్ణయించేది.

కంప్యూటర్ కొన్నంత మాత్రాన ఈ చిక్కు తీరదు, ఎందుకంటే ఒంటరి పీసీ కూడా ఒకరి బల్లపై ఉన్న సంపుటం వంటిదే. 1990లలో కొన్ని బ్యాంకు శాఖలు యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టంతో నడిచే ఒక యంత్రానికి, సొంతంగా లెక్కించే శక్తి లేని టెర్మినళ్లను తగిలించి పని నడిపాయి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ మరో దారి పట్టింది. ఐ.ఏ.ఎస్. అధికారి జె. సత్యనారాయణ సారథ్యంలో రూపొంది, 1998 నవంబరు 4న 214 కార్యాలయాల్లో మొదలైన ‘కార్డ్’ పథకంలో ప్రతి కార్యాలయానికీ సొంత సర్వరు, అంటే రికార్డును భద్రపరిచి అడిగినవారికి అందించే యంత్రం, దానికి స్థానిక నెట్‌వర్క్‌తో కలిసిన పీసీలు ఏర్పాటయ్యాయి. రికార్డు కార్యాలయంలోనే ఉన్నందువల్ల, ఆనాటి టెలిఫోను లైన్లను నమ్ముకోకుండానే, ఒకరు మార్కెట్ విలువపై స్టాంపు సుంకం లెక్కిస్తుండగా మరొకరు ఈసీ తీయగలిగారు. అప్పటి పరిస్థితుల్లో ఇది తెలివైన ఎంపికే.

యంత్రాలకన్నా పాత రికార్డే పెద్ద బరువైంది. ఈసీ కంప్యూటర్ నుంచి రావాలంటే గడచిన లావాదేవీలు అందులో ఉండాలి కనుక, సుమారు 15 ఏళ్ల సూచికలను ఎక్కించారు. నేటికీ ఆన్‌లైన్ ఈసీ 1983 జనవరి 1 నుంచే మొదలవుతుంది, అంతకు ముందరి లావాదేవీలకు పాత సంపుటాలే గతి. చేతి నకలుకు బదులు స్కానింగ్‌కు చట్టబద్ధత కావాలి గనుక రాష్ట్రం 1999లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించింది. యంత్రాల కొనుగోలు పత్రాల్లో కనిపించని ఈ రెండు పనులే పథకాన్ని నిలబెట్టాయనడం అతిశయోక్తి కాదు.

తరువాత లైన్లు మెరుగుపడి, రికార్డు కార్యాలయం దాటి కేంద్రీయ డేటాబేసుకు చేరింది. దానితో ఏ ఊరి ఈసీ అయినా ఎక్కడినుంచైనా చూసే వీలు కలిగింది. ‘సర్వర్ డౌన్’ అన్న మాట కూడా ఊరూరా వినబడసాగింది, కాకపోతే ఆగిపోయేది ఇప్పుడు ఒక్క ఊరి పని కాదు.

ఆ తరువాత తెలంగాణలో రిజిస్ట్రేషన్ పనే రెండుగా చీలింది. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ ధరణి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్‌ను తహసీల్దార్లకు అప్పగించింది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చినా ఆ విభజన అలాగే ఉంది. అందువల్ల ఇప్పుడు ఇంటి స్థలం కొన్నవారు సబ్ రిజిస్ట్రారు దగ్గరికి, పొలం కొన్నవారు తహసీల్దారు దగ్గరికి వెళ్తున్నారు. ఆ పొలం పూర్వపు దస్తావేజులు మాత్రం సబ్ రిజిస్ట్రారు రికార్డులోనే ఉన్నాయి.