మోనోసోడియం గ్లుటామేట్

గ్లుటామిక్ ఆమ్లపు సోడియం లవణం. వంటకు రుచి పెంచేందుకు వాడతారు. అజినమోటో అన్నది ఒక జపాన్ కంపెనీ పెట్టుకున్న వ్యాపార నామం. అయినా తెలుగునాట ఫాస్ట్‌ఫుడ్ బండ్ల దగ్గర సరుకుకే ఆ పేరు స్థిరపడింది. టేస్టింగ్ సాల్ట్ అని, పొట్టిగా ఎంఎస్‌జీ అని కూడా అంటారు. ఆహార సంకలితాల అంతర్జాతీయ పట్టికలో దీని సంఖ్య 621.

వాసన లేని తెల్లని స్ఫటికాలు. నీటిలో ఇట్టే కరుగుతాయి. బజారులో దొరికేది ఒక నీటి అణువును కలుపుకున్న రూపం, అణుభారం సుమారు 187. గ్లుటామిక్ ఆమ్లానికి ఎల్, డి అని రెండు రూపాలున్నా రుచినిచ్చేది ఎల్-రూపమే. పీహెచ్ 6–8 మధ్య రుచి బాగా తెలుస్తుంది. పులుపు పెరిగేకొద్దీ లవణం ఆమ్లరూపానికి మళ్ళి, పస తగ్గుతుంది. చింతపండు పులుసుల్లో కంటే సూపుల్లో, నూడుల్స్‌లో ఇది బాగా పనిచేయడానికి ఇదొక కారణం కావచ్చు. విడిగా నాలుక మీద వేసుకుంటే అంత ఇంపుగా ఉండదు. ఉప్పు తోడైతేనే రాణిస్తుంది. మాంసం, చేపల్లో ఉండే ఇనోసినేట్ కలిస్తే రుచి అనేక రెట్లవుతుంది.

గ్లుటామిక్ ఆమ్లాన్ని 1866లో జర్మన్ రసాయనవేత్త రిట్‌హౌజెన్ గోధుమ గ్లూటెన్ నుంచి వేరుచేశాడు. దాని రుచిని గుర్తించిన ఘనత టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఇకెద కికునయెది. కొంబు అనే ఎండు సముద్రపు నాచు సుమారు 12 కిలోల నుంచి ఆయనకు దక్కింది 30 గ్రాముల ఆమ్లమని చెబుతారు. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. ఈ ఆవిష్కరణకు కొందరు 1907 అని రాస్తారు. పేటెంటు 1908 నాటిది కనుక ఆ సంవత్సరమే తీసుకోవడం మేలు. 1909లో సుజుకి సబురోసుకె అనే వ్యాపారి దీని అమ్మకాలు మొదలుపెట్టాడు.

తొలినాళ్ళలో గోధుమ గ్లూటెన్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఉడికించి తీసేవారు. ఆ పద్ధతిని వెనక్కి నెట్టింది ఒక బాక్టీరియా. క్యోవా హక్కో సంస్థలో కినోషిత షుకుఓ బృందం దాన్ని కనుగొన్నది 1956లో, పరిశోధన వెలువడింది 1957లో. పుస్తకాల్లో రెండు తేదీలూ కనిపించడానికి కారణమిదే. ఇప్పుడు దాని పేరు కోరినెబాక్టీరియం గ్లుటామికం. మామూలుగా అది గ్లుటామేట్‌ను తన అవసరానికే తయారుచేసుకుంటుంది. బయోటిన్ అనే విటమిన్‌కు కొరత పెడితే కణపు పొర తీరు మారి, గ్లుటామేట్ బయటికి కారిపోతుంది. మొలాసిస్ లేదా కర్రపెండలం పిండి నుంచి తీసిన చక్కెరను, నత్రజని కోసం అమ్మోనియాను దానికి మేతగా అందిస్తారు. పులియడం ముగిశాక ఆమ్లాన్ని వేరుచేసి, కాస్టిక్ సోడాతో తటస్థీకరించి, బొగ్గుతో రంగు తీసి, స్ఫటికాలు కట్టిస్తారు.

దీనిపై భయం 1968 ఏప్రిల్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక లేఖతో మొదలైంది. చైనీస్ హోటళ్ళలో తిన్నాక మెడ వెనుక తిమ్మిరి, నీరసం, గుండెదడ కలుగుతున్నాయని రాబర్ట్ హో మన్ క్వోక్ అనే వైద్యుడు రాశాడు. సోయా సాస్, వంట మద్యం, ఉప్పు, గ్లుటామేట్‌లలో ఏది కారణమో ఆయన తేల్చలేదు. అనుమానం మాత్రం చివరికి గ్లుటామేట్ మీదే నిలిచింది. ఆ లేఖను పందెం కోసం తానే కల్పించానని హోవర్డ్ స్టీల్ అనే శస్త్రచికిత్సకుడు అర్ధశతాబ్దం తర్వాత చెప్పుకున్నాడు. కానీ క్వోక్ నిజంగా ఉన్న వ్యక్తేననీ, లేఖ ఆయనదేననీ కుటుంబ సభ్యులు ధ్రువీకరించారు. వారి మాటే నమ్మదగినది.

రోగికీ వైద్యుడికీ ఏది ఇచ్చారో తెలియకుండా జరిపిన పరీక్షల్లో ఈ లక్షణాలు నిలకడగా రాలేదు. ఖాళీ కడుపున 3 గ్రాములకు పైగా ఇచ్చినప్పుడు కొందరిలో స్వల్పంగా కనిపించి, కాసేపటికి తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల సంయుక్త నిపుణుల సంఘం 1987లో రోజువారీ పరిమితి అక్కర్లేదంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లో శరీర బరువు కిలోకు 30 మిల్లీగ్రాములని హద్దు గీసింది. 60 కిలోల మనిషికి ఇది 1.8 గ్రాములు. జాగ్రత్త కోరేవారు రెండోదాన్ని పాటించవచ్చు.

భారతదేశంలో దీన్ని కలిపిన పొట్లాలపై 12 నెలల లోపు శిశువులకు తగదన్న హెచ్చరిక ఉండాలి. టమాటాలో సహజంగా ఉన్న గ్లుటామేట్‌కూ, కర్మాగారం నుంచి వచ్చినదానికీ అణువులో తేడా లేదు. మామూలు ప్రయోగశాల పరీక్ష ఉన్న మొత్తాన్ని చెబుతుందే తప్ప మూలాన్ని చెప్పదు. 2015 నాటి మ్యాగీ నూడుల్స్ వివాదంలో సీసంతో పాటు, ఎంఎస్‌జీ కలపలేదన్న లేబులు కూడా ప్రశ్నకు గురైంది. ఆ నూడుల్స్‌పై అప్పుడు విధించిన నిషేధాన్ని బొంబాయి హైకోర్టు అదే ఏడాది ఆగస్టులో కొట్టివేసింది.