రెండు మాటలు: బక్షీసు, హక్కు

సూళ్లూరుపేట బజారులో బిర్యానీ హోటలు. తిన్నాయన చెయ్యి కడుక్కొచ్చి, సోంపు నోట్లో వేసుకుని, బిల్లు పెట్టిన ప్లేటులో పది రూపాయల నోటు వదిలి లేస్తాడు. 'భాయ్, ఉంచుకో' అంటాడు. ఆ భాయ్ మాలో ఒకడు. వాడికీ ఒక పేరుంది. ఎవరూ అడగరు. వాడు నవ్వి సలాం కొడతాడు. మా గల్లీలో మేం ఒకరికొకరం చెప్పుకునే సలాము కాదది. పది రూపాయలకు సరిపడా సలాము.

ఆ పది రూపాయలకూ ఒక చరిత్ర ఉంది. దాన్ని మేమే రాసుకోవాలి. ఎందుకంటే దాని పేరు తెలుగులోకి వచ్చింది మా దారిలోనే.

బక్షీసు పారశీ మాట. ఇవ్వడం, మన్నించడం రెండూ దాని మూలంలోనే ఉన్నాయి. ఇనాం అరబ్బీ. మామూలు కూడా అరబ్బీదే, అలవాటుగా జరిగేదని అర్థం. ఇవన్నీ దర్బారు మాటలు. అందుకే మమ్మల్ని చూసి 'మీరు నవాబుల వారసులు, ఒకప్పుడు ఇచ్చిన చేతులు మీవి' అంటారు. ఏ నవాబు? ఈ నెల్లూరు సీమ ఆర్కాటు నవాబుల కింద ఉన్న కాలంలో కూడా మా తాతలు దర్బారులో లేరు. దూది ఏకారు. అత్తరు అమ్మారు. నెమలీకల కట్ట పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. 2007లో బి.సి. 'ఇ' గ్రూపు చేసి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు ఆ జాబితాలో ఎవరెవరు ఉన్నారో చూడండి. అత్తరు సాయిబులు, ఫకీర్లు, గారడీ సాయిబులు, హజాములు, ఎలుగుబంటి నాడించేవాళ్లు. నవాబులు లేరు.

పోనీ ఆ నవాబుల సంగతీ చూద్దాం. 1757 ప్లాసీ యుద్ధం తర్వాత కంపెనీ దొరలు బెంగాల్లో నజరానాల పేరుతో దండుకున్నారు. ఎంత దండుకున్నారంటే, కంపెనీ నౌకర్లు కానుకలు పుచ్చుకోకూడదని 1773 రెగ్యులేటింగ్ చట్టంలో రాయాల్సొచ్చింది. ఇక్కడ ఆర్కాటు నవాబు మహమ్మదలీ కంపెనీ మనుషుల దగ్గరే అప్పులు చేసి మునిగాడు. 1801లో కర్ణాటక రాజ్యంతో పాటు నెల్లూరూ కంపెనీ పాలైంది. ఈ దేశంలో అన్నిటికంటే పెద్ద బక్షీసు అందుకున్న చెయ్యి తెల్లదొరది. కానీ 'బక్షీస్ సాబ్' అని చెయ్యి చాచే బొమ్మ గీసి, దాన్ని మన దేశమని ప్రపంచానికి చూపించిందీ ఆ దొరే.

ఇనాముల కథా ఇంతే. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషను వేశారు. ఎవరి చేతిలో ఏ ఇనాం ఉందో లెక్కలు తీశారు. అందులో దర్గాల ఇనాములూ ఉన్నాయి, గుళ్లవీ ఉన్నాయి, అగ్రహారాలూ ఉన్నాయి. ఆంధ్ర ప్రాంతంలో 1956 చట్టంతో ఇనాములు రద్దై రైతువారీ అయ్యాయి. కానీ ఆ మాటల్లో ఉన్న ఎక్కువ తక్కువలు రద్దు కాలేదు. గుడికిస్తే మాన్యం. పండితుడికిస్తే సంభావన. పురోహితుడికిస్తే దక్షిణ. ప్రభువుకిస్తే నజరానా. ఆఫీసులో బల్ల కింద ఇస్తే మామూలు. అన్నిట్లోనూ చేతులు మారేది డబ్బే, వస్తువే, భూమే. పుచ్చుకునే చెయ్యి ఎవరిదో దాన్నిబట్టి పేరు పడుతుంది. దక్షిణ పుచ్చుకున్నవాడికి ఇచ్చినవాడే దణ్ణం పెడతాడు. మామూలు పుచ్చుకునేవాడు ఎంత కావాలో తనే చెబుతాడు. బక్షీసు పుచ్చుకున్నవాడు మాత్రం ఎంత ఇస్తే అంత తీసుకుని సలాం కొట్టాలి.

దొరల భాషలో దీని పేరు టిప్పు. ఆ మాట వింటే మాకు 1799లో శ్రీరంగపట్నంలో యుద్ధం చేస్తూ చచ్చిపోయిన సుల్తాను గుర్తొస్తాడు. హోటల్లో మాత్రం అది మేం వంగి తీసుకునే బిళ్ల.

1971లో శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్టు ఎగిరింది. మద్రాసు నుంచి కలకత్తా పోయే రోడ్డూ, రైలూ సూళ్లూరుపేట మీదుగానే పోతాయి. షార్ వచ్చాక ఊరు పెరిగింది. మెస్సులు, టీ అంగళ్లు, మిలటరీ హోటళ్లు పెరిగాయి. బిర్యానీ మాస్టర్లుగా, పరోటా మాస్టర్లుగా, సప్లయర్లుగా, క్లీనర్లుగా మా పిల్లలు చేరారు. శాకాహార హోటల్లో వంటాయన 'స్వామి'. మిలటరీ హోటల్లో మావాడు 'భాయ్'. భాయ్ అంటే తమ్ముడో అన్నో కావాలి. కానీ ఆ పిలుపులో తోబుట్టువు లేడు. అన్నానికి డబ్బు చేతికిచ్చే మనిషి కూడా టిప్పు మాత్రం టేబుల్ మీదే పెడతాడు. కొందరికి అది మర్యాద. కొందరికి చెయ్యి తగలకుండా ఉండే ఉపాయం. ఈ రెండింటికీ తేడా మా చేతులకు తెలుసు.

మా తప్పులూ చెప్పుకోవాలి. హోటలు యజమాని మావాడైనంత మాత్రాన జీతం పెరగదు. 'టిప్పులొస్తాయి కదరా' అని జీతం తగ్గించే సేఠ్‌లు మాలోనూ ఉన్నారు. రంజాన్ నెలలో పనివాడికి జకాత్ డబ్బిచ్చి, దాన్నే జీతం కింద జమకట్టుకునే వాళ్లూ ఉన్నారు. జకాత్ వేరు, కూలి వేరు. జకాత్‌ను కూలి కింద లెక్కేయడానికి షరీయత్ ఒప్పుకోదు. కూలి ఇవ్వడంలో ఆలస్యం చేయొద్దని ప్రవక్త చెప్పింది మా మసీదుల్లో వినిపిస్తూనే ఉంటుంది. వినేవాళ్లలో సేఠ్‌లూ ఉంటారు.

ఈ బాధ మా ఒక్కళ్లదే కాదు. అమెరికాలో బానిసత్వం రద్దయ్యాక పుల్‌మన్ కంపెనీ 1867 నుంచి నడిపిన పడక రైలు పెట్టెల్లో నల్లవాళ్లను పోర్టర్లుగా పెట్టుకుంది. జీతం తక్కువ, మిగతాది టిప్పుల్లో ఏరుకోవాలి. ప్రయాణికులు ప్రతి పోర్టర్నీ 'జార్జ్' అనే పిలిచేవాళ్లు. అది కంపెనీ యజమాని పేరు. మా భాయ్‌కీ ఆ జార్జ్‌కీ చుట్టరికం ఉంది. ఆ పోర్టర్లు ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో 1925లో సంఘం పెట్టుకుని, టిప్పుల మీద బతకనక్కర్లేని జీతం అడిగారు. కంపెనీతో మొదటి ఒప్పందానికి 1937 దాకా కొట్లాడారు. అయినా ఆ దేశంలో టిప్పులొచ్చే పనివాడికి యజమాని ఇవ్వాల్సిన కేంద్ర కనీస వేతనం 1991 నుంచి గంటకు 2.13 డాలర్లే. మిగతాది టిప్పులతో నిండాలి. నిండకపోతేనే యజమాని నింపాలి. ఇక్కడ ఐదు రూపాయలకు వెనకాడే మన తెలుగు బాబులు అక్కడ బిల్లు మీద పదిహేను, ఇరవై శాతం కిమ్మనకుండా రాసిస్తారు. అంటే టిప్పు దయాగుణం వల్ల పుట్టలేదు. ఇవ్వకపోతే పరువు పోయే చోట ఇస్తారు, పోని చోట మానేస్తారు.

మన దేశంలో 2016లో సుప్రీంకోర్టు ఆదాయపు పన్ను కేసు ఒకదానిలో, కస్టమరిచ్చే టిప్పు యజమాని ఇచ్చే జీతం కాదని చెప్పింది. బిల్లులోనే కలిపేసే సర్వీసు చార్జీని కస్టమరు మీద రుద్దకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల సంస్థ అంది. 2025లో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. మంచిదే. టిప్పు జీతం కాదని కోర్టే అన్నాక, దాన్ని చూపించి జీతం కోసే అధికారం ఎవరికుంది?

ఇప్పుడు చిల్లరా పోయింది. ఫోనుతో గీత బొమ్మకు కొడితే డబ్బు నేరుగా గల్లాపెట్టెలోకే పోతుంది. ప్లేటులో సోంపు మాత్రం మిగులుతుంది. వెనకటి తరం మా అబ్బాలు రాత్రి ఇంటికొచ్చి జేబు దులిపితే అమ్మీ చేతిలో బిళ్లలు పడేవి. ఆ చిల్లరతో మరుసటి రోజు పాలొచ్చేవి. ఆ బిళ్లల్ని మేం తిట్టుకుంటూనే లెక్కపెట్టుకున్నాం. ఇవాళ అవీ లేవు. జీతం మాత్రం అవి ఉన్నట్టే నిర్ణయిస్తున్నారు.

2022లో మా ఊరు తిరుపతి జిల్లాలో కలిసింది. అంతకుముందు మాది నెల్లూరు జిల్లా. నెల్లూరులో బారా షహీద్ దర్గా దగ్గర మొహర్రంలో రొట్టెల పండగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్లు స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టె పుచ్చుకుంటారు. కోరిక తీరాక మళ్లీ వచ్చి రొట్టె ఇస్తారు. హిందువులూ మేమూ ఒకే నీళ్లలో నిలబడతాం. అక్కడ పుచ్చుకున్నవాడు సలాం కొట్టడు. నిరుడు పుచ్చుకున్న చెయ్యే ఈ ఏడు ఇస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడంలో చిన్నతనం లేదని మాకు నేర్పింది ఆ చెరువే. ఎప్పుడూ ఒక చెయ్యే పైన, ఎప్పుడూ ఒక చెయ్యే కింద ఉండటంలోనే చిన్నతనమంతా ఉంది.

పండగ పూట తోఫా సంచులిచ్చి ఫోటో దిగినా, రిజర్వేషన్‌ను ఎవరో దయతలిచి ఇచ్చినట్టు మాట్లాడినా మాకు ఆ పది రూపాయల నోటే గుర్తొస్తుంది. బక్షీసు మా దారిలో తెలుగులోకి వచ్చిన మాట. హక్కు కూడా ఆ దారిలోనే వచ్చింది. అదీ అరబ్బీదే. మాకిచ్చేటప్పుడు మొదటి మాటే ఎందుకు వాడుతున్నారో మీరే చెప్పాలి.

టిప్పు పెట్టొద్దని మేం అనడం లేదు. పెట్టండి. కానీ ముందు మావాడి పేరు అడగండి. వాడి జీతం ఎంతో గల్లా దగ్గర కూర్చున్నవాడిని అడగండి.