ఏనుగు నాట్యం చేసింది సరే, బిల్లు ఎవరు కట్టారు?

కిందటి నెల మా ఆఫీసులో అందరికీ ఒక మెయిలొచ్చింది. అందులో "రీస్ట్రక్చరింగ్" అన్న మాట నాలుగుసార్లుంది, "ఉద్యోగాలు" అన్న మాట ఒక్కసారీ లేదు. సాయంత్రానికి మా వరుసలో రెండు సీట్లు ఖాళీ. క్యాంటీన్లో మా టీం కుర్రాడు, "ఐబీఎం కూడా ఇలాగే చేసి బతికి బట్టకట్టింది కదన్నా" అన్నాడు. నిజమే. కాకపోతే ఆ కథ మనం సగమే చెప్పుకుంటాం.

ఒకప్పుడు ఐబీఎంలో ఉద్యోగమంటే గవర్నమెంటు ఉద్యోగమే. 1930ల ఆర్థిక మాంద్యంలో ఆర్డర్లు లేకపోయినా థామస్ వాట్సన్ ఫ్యాక్టరీలు ఆపలేదు. జనాన్ని తీసెయ్యకుండా యంత్రాలూ విడిభాగాలూ చేయించి గోడౌన్లలో పెట్టాడు. 1935లో అమెరికాలో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది. రెండున్నర కోట్లమందికి పైగా కార్మికుల జీతాల లెక్కలు రాయాల్సొస్తే, ఆ పని ఐబీఎంకే దక్కింది. అంటే మనుషుల్ని ఉంచుకోవడం దయ మాత్రమే కాదు, అప్పుడది మంచి వ్యాపారం కూడా. లేఆఫ్‌లు ఉండవన్న సంప్రదాయం ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు నడిచింది.

1985కల్లా ఉద్యోగులు నాలుగు లక్షలు దాటారు. మెయిన్‌ఫ్రేముల లాభాలు ఎప్పటికీ అలాగే ఉంటాయనుకున్నారు. 1981లో పీసీ తెచ్చింది వాళ్ళే, కానీ అందులో ఆపరేటింగ్ సిస్టం మైక్రోసాఫ్ట్‌ది, చిప్ ఇంటెల్‌ది. వెన్నంతా వాళ్ళిద్దరూ తిన్నారు. 1992లో దాదాపు 500 కోట్ల డాలర్ల నష్టం, 1993లో 810 కోట్లు. అప్పటి సీఈఓ జాన్ ఏకర్స్ కంపెనీని ముక్కలు చేద్దామనుకున్నాడు. స్వచ్ఛందంగా వెళ్ళేవాళ్ళకి ప్యాకేజీలిస్తూ 1992 చివరికి ఉద్యోగుల్ని మూడు లక్షలకి దించాడు. అదీ చాల్లేదు.

1993 ఏప్రిల్ 1న లూ గెర్‌స్ట్నర్ వచ్చాడు. (ఏప్రిల్ ఫూల్ కాదండీ, నిజంగా ఆ రోజే!) అంతకుముందు సిగరెట్లూ బిస్కెట్లూ అమ్మే ఆర్‌జేఆర్ నబిస్కోకి అధిపతి. ఆయన ముక్కలు చేసే ఆలోచన పక్కన పెట్టాడు. కస్టమర్‌కి తలో చోట కొన్న పెట్టెలన్నీ కలిపి పని చేయించేవాడు కావాలి, అది మనమే కావాలన్నాడు. సర్వీసుల వ్యాపారం పెద్దదైంది అక్కణ్ణించే. మెయిన్‌ఫ్రేముల ధరలు తగ్గించాడు. 1993 జూలైలో ఇంకో 35,000 ఉద్యోగాల కోత ప్రకటించాడు. షేర్‌హోల్డర్ల డివిడెండూ సగానికి పైగా కోశాడు, అది కూడా చెప్పాలి. 1994లో 300 కోట్ల డాలర్ల లాభం వచ్చింది. ఉద్యోగులు 2 లక్షల 20 వేలకి దిగారు. 2002లో ఆయన రాసుకున్న పుస్తకం పేరే ఏనుగులు నాట్యం చెయ్యలేవని ఎవరన్నారు అని!

ఇక రెండో సగం. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది పక్కన కింగ్‌స్టన్ అని ఊరుంది. 1950లలో అమెరికా వైమానిక రక్షణ కోసం అప్పటికి అతి పెద్ద కంప్యూటర్లు తయారుచేసింది అక్కడి ఐబీఎం ప్లాంటే. 1990ల మధ్యకి అది మూతపడింది. ఆపరేటింగ్ సిస్టం బయటివాళ్ళకి అప్పజెబుదామని నిర్ణయించింది కింగ్‌స్టన్ టెక్నీషియన్లు కాదు. తప్పు ఒకచోట, బిల్లు ఇంకోచోట. ఉద్యోగం మిగిలినవాళ్ళకైనా పాత భరోసా మిగల్లేదు. 1999లో పెన్షన్ పథకం మార్చేస్తే పాత ఉద్యోగులు కోర్టుకెక్కారు.

ఇందులో మనమెక్కడ? ఫెరా చట్టం గొడవతో 1978లో ఇండియా వదిలి వెళ్ళిన ఐబీఎం 1992లో టాటాలతో కలిసి తిరిగొచ్చింది. గెర్‌స్ట్నర్ నమ్మిన సర్వీసుల వ్యాపారానికి తర్వాత్తర్వాత బోలెడుమంది ఇంజనీర్లు కావాల్సొచ్చారు. 2017కల్లా ఐబీఎంకి అమెరికాలో కంటే ఇండియాలోనే ఎక్కువమంది ఉద్యోగులున్నారని న్యూయార్క్ టైమ్స్ రాసింది. కింగ్‌స్టన్ వాళ్ళ కుర్చీల్లోనే మనం కూర్చున్నామని అనను, లెక్క అంత సూటిగా ఉండదు. కానీ వాళ్ళకి నష్టం చేసిన మలుపే మనకి దారైంది. అది ఒప్పుకోడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

కొసమెరుపేంటంటే, 1993లో విడదీయొద్దన్న కంపెనీయే 2021 నవంబరులో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ సర్వీసుల్ని కిండ్రిల్ పేరుతో విడదీసింది. సుమారు 90 వేలమంది అటు వెళ్ళారు. అప్పటి సీఈఓ మన తెలుగువాడు అరవింద్ కృష్ణ. ఆయన తప్పు చేశాడనటం లేదు. కలిపి ఉంచడమూ విడదీయడమూ రెండూ ఆయా కాలాల లెక్కలే, ఏదీ వేదం కాదు.

అందుకే రీస్ట్రక్చరింగ్ అంటేనే పాపం అని నేననను. ఏకర్స్ కాలంలో తేల్చకుండా నాన్చినందుకే గాయం ముదిరిందని కూడా నమ్ముతాను. కానీ మెయిలొచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. తప్పు నిర్ణయం ఎవరిది? బిల్లు ఎవరు కడుతున్నారు? మిగిలిన డబ్బుతో కొత్తగా ఏం చెయ్యబోతున్నారు? గెర్‌స్ట్నర్ దగ్గర మూడోదానికి జవాబుంది. మా ఆఫీసు మెయిల్లో నేను రెండుసార్లు వెతికాను, దొరకలేదు.

మా కుర్రాడికి ఇదంతా చెబితే, "అయితే నేనిప్పుడు ఏం చెయ్యాలన్నా?" అన్నాడు. ముందు ఆ ఇద్దరికీ ఫోన్ చెయ్యమన్నాను.