జానపద కథలో ఉత్కంఠ: కత్తి ఎవరి మెడ మీద?

జానపద నవల రాయబూనిన మా విద్యార్థులు తెచ్చే రాతప్రతుల్లో ఒక లక్షణం తరచు చూస్తుంటాను. ఘట్టం చప్పబడిందనిపించగానే ఇంకో రాక్షసుణ్ణి దింపుతారు. వాడికి ఒక తల చాలదనిపిస్తే మూడు తలలు పెడతారు. అయినా చదివేవాడి గుండె అదరదు. అద్భుతం పెరిగితే ఆశ్చర్యం పెరగవచ్చు గాని ఉత్కంఠ పెరగదు. ఈ రెంటికీ గల తేడాను మన కథల చరిత్రే చెబుతుంది.

బేతాళ కథల చట్రాన్ని తీసుకుందాం. 11వ శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలోనే అది ఉంది. భిక్షువు కోరికపై రాజు శ్మశానంలో శవాన్ని మోస్తాడు. ఆ భిక్షువు తననే బలి ఇవ్వజూస్తున్నాడని చివరకు బేతాళుడి వల్ల తెలుసుకుంటాడు. సాష్టాంగపడమని భిక్షువు అన్నప్పుడు, ఎలాగో చూపమంటాడు రాజు. వంగిన భిక్షువు తల తెగిపడుతుంది. ఇక్కడ దయ్యాలూ ఉన్నాయి, శ్మశానమూ ఉంది. కాని మన ఊపిరి బిగబట్టించేవి అవి కావు. రాజుకు నిజం తెలుసు. తెలుసన్న సంగతి భిక్షువుకు తెలియదు. రెండూ మనకు తెలుసు. ఘట్టానికి బలమంతా అక్కడుంది.

ఇదే కీలు 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రంలో మళ్లీ కనబడుతుంది. దానికి రచన పింగళి నాగేంద్రరావు, దర్శకత్వం కె.వి. రెడ్డి. సాహసి అయిన యువకుణ్ణి బలి ఇచ్చి శక్తి సంపాదించాలని నేపాళ మాంత్రికుడి ఎత్తు. అది ముందే తెలిసిన తోటరాముడు మాంత్రికుణ్ణే బలి ఇస్తాడు. ఉపాయం పాతదే, కత్తి కిందికి వచ్చిన మెడ మాత్రం కొత్తది. బేతాళ కథలో రాజుకు రాజ్యముంది, సేన ఉంది. రాముడు తోటమాలి కొడుకు. సంపద తెస్తే తప్ప రాజకుమారి దక్కదన్న షరతు అతణ్ణి ఆ గుహకు తరిమింది. ప్రాణం తప్ప పందెం కాయడానికి అతని దగ్గర మరేమీ లేదు.

ఆ బొమ్మ సంగతి కూడా గమనించాలి. అది ఎవరి చేతిలో ఉంటే వారికే ఊడిగం చేస్తుంది. మంచివాడా చెడ్డవాడా అని అడగదు. అందుకే అది మాంత్రికుడి చేతికి మారిన క్షణాన ప్రేక్షకుడు కుర్చీ అంచుకు జరుగుతాడు. నాకది ఆస్తి స్వభావంలాగే తోస్తుంది.

జానపదమంతా పలాయనమని కొట్టిపారేసే మిత్రులకు ఇక్కడ ఒక ఆక్షేపణ దొరుకుతుంది. కథ ముగిసేసరికి రాముడు రాజుగారి అల్లుడవుతాడు గాని, రాజరికం చెక్కుచెదరదు. ఆ మాట నిజమే. ముగింపు పాత వ్యవస్థతో రాజీపడింది. అయితే మనల్ని కదిలించిన బలం ఆ ముగింపులోది కాదు, లేనివాడు కలవాడి షరతును ఎదుర్కొన్న ఘట్టంలోది.

ఈ విద్యను నెలనెలా సాధన చేసిన చోటు చందమామ. 1947 జూలైలో మొదలైన ఆ మాసపత్రికలో, 1954లో వచ్చిన తోకచుక్క మొదలు ఎన్నో ధారావాహికలు దాసరి సుబ్రహ్మణ్యం రాశారు. శిథిలాలయంలో శబర యువకుడు శిఖిముఖిని కథానాయకుడిగా నిలబెట్టారు. ధారావాహికకు నెల రోజుల విరామం ఒక కఠిన పరీక్ష. రాక్షసుడు ఎంత పెద్దవాడో పిల్లవాడు వారంలో మరిచిపోతాడు. ఆపదలో చిక్కుకున్నవాడు ఏమయ్యాడన్న ప్రశ్న మాత్రం వచ్చే సంచిక దాకా వెంటాడుతుంది.

తరాల పిల్లల్ని అలా కాచుకునేలా చేసిన ఆయన పేరు ఆ ధారావాహికల మీద అచ్చు కాలేదు. 2010లో ఆయన కన్నుమూశారు. సాహిత్య చరిత్రలో శ్రామికుడి చోటు గురించి మాట్లాడే మనం, ఈ శ్రమకు మన పాఠ్యాంశాల్లో ఎంత చోటిచ్చామో కూడా చెప్పుకోవాలి.

కాబట్టి జానపదం రాసే యువమిత్రులకు నా సలహా ఇది. ఘట్టం చప్పబడితే నాలుగో తల వెతకకండి. కత్తి కింద ఉన్నవాడెవడో, వాడికి తెలిసినదేమిటో, వాడు ఓడితే ఆ శక్తి ఎవరి చేతికి పోతుందో ముందు తేల్చుకోండి. అవి తేలితే ఒంటి తల రాక్షసుడు చాలు.