గ్రామఫోను సూది – దాని సన్నని పలుకు

అటకమీద పాత గ్రామఫోను రికార్డులు దాచుకొన్నవారు మనలో ఇంకను కలరు. వానిని మరల వినవలెనన్నను, కంప్యూటరున కెక్కించి మనుమల చేతి కీయవలెనన్నను, సూది పుట్టించు అల్పనాదమును పెద్దచేయు విధ మెట్లేర్పడినదో తెలిసియుండుట మేలు. తగని యంత్రమున ఎక్కించిన గాత్రము ఆ గాయకునిది కాకయే పోవును.

1877లో అమెరికాలో ఎడిసన్ తగరపురేకు చుట్టిన సిలిండరుపై తన పలుకులను గీయించి, మరల పలికించెను. పదియేండ్లకు బెర్లినర్ సిలిండరునకు మాఱుగా చదునైన పలకను తెచ్చెను. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ ఆ పలకలకే పాడినది. అప్పుడు విద్యుత్తు ప్రసక్తి లేదు. బూరలోనికి బిగ్గరగా పాడవలెను, బూరలోనుండియే వినవలెను. 1925లో మైక్రోఫోనుతో రికార్డుచేయు పద్ధతి వచ్చిన పిమ్మట మెల్లగా పాడువారికిని చోటు దొరకెను.

అయితే ఒక చిక్కు కలదు. మంద్రస్వరము సూదిని విశాలముగా ఊపును. దాని నున్నదున్నట్లు చెక్కినచో పక్కగాడిపైకి దూకును. ఎడము విడిచినచో రికార్డు కొలది నిమిషములకే నిండును. తారస్వరములో, గాడి రాపిడివలని రొదలో మునిగిపోవును. అందుచే చెక్కునప్పుడు మంద్రమును తగ్గించి, తారమును హెచ్చింతురు. వినునప్పుడు సరిగా విపర్యయము చేయుదురు; హెచ్చవేసిన సంఖ్యతోనే మరల భాగించినట్లు. ఈ పని చేయుచు నాదమును పెంచునదియే ఫోనో ప్రీ ఆంప్లిఫయరు.

ఈ లెక్క చిరకాలము ఒక్కొక్క కంపెనీ కొక్కొక్క తీరున నుండెను. 1948లో కొలంబియావారు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు దీర్ఘరికార్డును తెచ్చినపుడును భేదము తీఱలేదు. 1954లో అమెరికా రికార్డు పరిశ్రమ సంఘము ఆర్.ఐ.ఏ.ఏ. ఒక కొలతను నిర్ణయించెను. దాని ప్రకారము, 1000 ఆవృత్తుల స్వరముతో పోల్చగా, 20 ఆవృత్తులది వినునప్పుడు తొమ్మిదింతలకు పైగా పెరుగును. 20,000 ఆవృత్తులది అంతకంటె కొంచె మధికముగా తగ్గును. అంతకు పూర్వపు 78 చుట్ల రికార్డుల నీ కొలతతో వినినచో తారస్వరము మూగవోవును. వానికి కొలత మార్చుకొన వీలగు ప్రీ ఆంప్లిఫయరే తగును. సూదిమొనయు లావుది కావలెను.

మన ఊళ్ల చవక యంత్రములకు ఇదేమియు లేకయే పాట వినవచ్చెడిదిగదా యని మీరడుగవచ్చును. నేను ఘంటసాలవారి భగవద్గీత వినినదియు అట్టిదానిపైననే. 1880లో క్యూరీ సోదరులు కనుగొన్న ధర్మము ననుసరించి, ఒత్తిడి తగిలిన స్ఫటికము విద్యుత్తు నిచ్చును. ఆ జాతి సూదుల పలుకు పెద్దది, ప్రీ ఆంప్లిఫయరు నడుగదు. కాని బరువుగా నానుటచే గాడిని అరుగదీయును.

అంతకంటె సుకుమారమైనవి 1831లో ఫారడే కనుగొన్న మార్గమున పనిచేయును. కదలెడు అయస్కాంతము గల సూది 3 మొదలు 5 మిల్లీవోల్టుల వఱకు ఇచ్చును. 47,000 ఓముల ప్రీ ఆంప్లిఫయరు దానికి చాలును. తీగచుట్టయే కదలు జాతి మిక్కిలి నిశితమైనది. చుట్ట తేలికగా నుండవలెను గనుక చుట్లు తక్కువ, పలుకును తక్కువే. 1960 దశకమున జపాను రేడియోవారు డెనాన్ కంపెనీతో కలిసి రూపొందించిన డి.ఎల్. 103 ఇట్టిదే, ప్రసారముకొఱకు పుట్టినది కావున రేడియోవారికి దానిపై నభిమానము సహజము. అది యిచ్చునది 0.3 మిల్లీవోల్టు మాత్రమే.

ఇక్కడనే స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మరు అక్కఱకు వచ్చును. మన వీధి ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని దింపును, ఇది ఎక్కించును, సూత్రమొక్కటే. 1:10 నిష్పత్తి గలది 0.3ను 3 మిల్లీవోల్టులు చేయును. అయితే ఎక్కువ యింతలైనచో ఎక్కువ మేలని భ్రమపడరాదు. నిష్పత్తి వర్గముచే 47,000ను భాగింపగా వచ్చునదే సూదికి కానవచ్చు భారము. 1:10కి 470 ఓములు; 40 ఓముల డి.ఎల్. 103కు అది సుఖము. 1:40కి సుమారు 29 ఓములే మిగులును. అప్పుడు సూది పలుకులో సగమునకు పైగా లోపలనే వ్యయమగును. కొనబోవువారు అంగడివాని పొగడ్తలు విడిచి, సూది ఓములను అడిగి ఈ భాగహారము చేసికొనవలెను.

ఈ ట్రాన్స్‌ఫార్మరును కరెంటు పెట్టెలకు దూరముగా నుంచవలెను. లేనిచో తుమ్మెదవంటి రొద పాటలో చేరును. దూరముంచినను రొద మానకున్నచో, ముందు ఎర్తుతీగ బిగువు చూడవలెను.